డేటా అనలిస్టు జీతం – మనం తెలుసుకోవలసిన సంగతులు

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా మన సంఘం సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు డిసెంబరు 17. 1982 లో ఇదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పెన్షన్ అన్నది యజమాని దయతలచి ఇచ్చేది కాదని, చేసిన సేవకు హక్కుగా వచ్చేదని తేల్చింది. ఆ తీర్పు గురించి, డి.ఎ. బకాయిల గురించి, ఆరోగ్య కార్డుల గురించి నాకన్నా బాగా తెలిసినవారు ఇదివరకే మాట్లాడారు. నాకు కార్యదర్శిగారు వేరే పని అప్పగించారు. "మీరు సర్వీసంతా గణాంకాల సెక్షనులోనే చేశారు గదా, ఈ డేటా అనలిస్టు ఉద్యోగం గురించి నాలుగు మాటలు చెప్పండి. మన సభ్యుల్లో పదిమంది ఇళ్లలో ఈ మాటే నడుస్తోంది" అన్నారు.

నిజమే. మనలో ఒకరి మనవడు ఆ కోర్సు చేస్తానంటున్నాడు. ఒకరి మనవరాలికి ఆ ఉద్యోగం వచ్చింది. ఇంకొకరింటికి వచ్చిన సంబంధంలో అబ్బాయి డేటా అనలిస్టట, ప్యాకేజీ పన్నెండు లక్షలట. అందరి ప్రశ్నా ఒకటే: "అసలు ఎంత వస్తుందండీ?" ఈ ప్రశ్నకు ఒక్క అంకెలో జవాబు చెప్పేవారిని నమ్మవద్దని ముందుగానే మనవి చేస్తున్నాను. ఎందుకో ఒక్కొక్కటిగా చెబుతాను.

ఇది ఏ పని?

ముందు పని సంగతి. పేరు కొత్తదే గాని పని మనకు కొత్త కాదు. మా ఆఫీసుకు ప్రతిరోజూ తాలూకాల నుంచి వర్షపాతం వివరాలు వచ్చేవి. అడంగళ్ల నుంచి తీసిన సాగు విస్తీర్ణాలు వచ్చేవి. పంట కోత ప్రయోగాల ఫలితాలు వచ్చేవి. వాటిని రిజిస్టరులో ఎక్కించి, ఫేసిట్ మెషీను పిడి తిప్పి కూడి, నిరుటితో పోల్చి, సాధారణ వర్షపాతంతో పోల్చి, కలెక్టరుగారి టేబులు మీదికి ఒక పేజీ స్టేటుమెంటు పంపేవాళ్లం. ఆయనకు కావలసింది అంకెల గుట్ట కాదు. ఏ తాలూకాలో వాన తగ్గింది, ఎంత తగ్గింది, ఏం చేయాలి అన్న మూడు మాటలు.

డేటా అనలిస్టు చేసేది ఇదే. తాలూకాల బదులు ఒక బ్యాంకు శాఖలు, ఒక ఆసుపత్రి వార్డులు, ఇంటికి సరుకులు పంపే ఒక కంపెనీ గోదాములు ఉంటాయి. ఏ ఊళ్లో సరుకు వెనక్కి వస్తోంది, ఏ నెలలో వాయిదాలు కట్టడం మానేస్తున్నారు, ఏ మందు నిలవ ఉండిపోయింది అని అంకెల్లోంచి తీసి పై అధికారికి చెప్పాలి. పనిముట్లు మారాయి. ఎక్సెల్ ఉంది. పెద్ద పెద్ద పట్టికల్లోంచి కావలసిన వరుసలు రాబట్టే ఎస్.క్యు.ఎల్. అనే భాష ఉంది. ఇది 1974 లో ఐ.బి.ఎం. సంస్థలో పుట్టింది, ఏభై ఏళ్లు దాటినా ఇంకా చెల్లుబాటవుతోంది. బొమ్మలు, గ్రాఫులు గీయడానికి పవర్ బి.ఐ., టాబ్లో ఉన్నాయి. ఇంకొంచెం లోతుకు వెళ్లేవారు పైథాన్ నేర్చుకుంటారు.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. డేటా ఎంట్రీ వేరు, డేటా అనలిస్టు వేరు, డేటా ఇంజనీరు వేరు, డేటా సైంటిస్టు వేరు. ఎంట్రీ చేసేవారు అంకెలను లోపలికి ఎక్కిస్తారు. ఇంజనీరు ఆ అంకెలు ఒకచోటి నుంచి ఇంకొకచోటికి ప్రవహించేలా కాలువలు తవ్వుతాడు. అనలిస్టు వాటిని చదివి అర్థం చెబుతాడు. సైంటిస్టు వాటి ఆధారంగా రేపటి సంగతి అంచనా కట్టే సూత్రాలు తయారుచేస్తాడు. మన ఆఫీసుల్లో టైపిస్టుకూ, యు.డి.సి.కీ, సూపరింటెండెంటుకూ స్కేళ్లు వేరు గదా, అలాగే వీటి జీతాలు కూడా వేరు. సాధారణంగా ఇంజనీరుకూ, సైంటిస్టుకూ అనలిస్టుకన్నా ఎక్కువ. కోచింగ్ సెంటర్ల బోర్డు మీద సైంటిస్టు జీతం వేసి, లోపల అనలిస్టు పాఠం చెప్పి, చివరికి పిల్లవాణ్ణి ఎంట్రీ ఉద్యోగంలో చేర్పించిన సందర్భాలు ఉన్నాయి.

స్కేలు లేని ఉద్యోగం

మనకు జీతం ఎలా వచ్చేదో గుర్తు తెచ్చుకోండి. పోస్టుకు ఒక స్కేలు. ఏడాదికొక ఇంక్రిమెంటు. జనవరి, జూలై నెలల లెక్కన డి.ఎ. కొన్నేళ్లకొక పి.ఆర్.సి. ఉదాహరణకు ఆంధ్రప్రదేశ్‌లో 2022 వేతన సవరణ ప్రకారం జూనియర్ అసిస్టెంటు స్కేలు 25,220 దగ్గర మొదలై 80,910 దాకా వెళ్తుంది. శ్రీకాకుళంలో చేరినా, చిత్తూరులో చేరినా మూలవేతనం ఒకటే. బాగా మాట్లాడేవాడికీ, మాట్లాడనివాడికీ ఒకటే. జి.ఓ. తెరిస్తే పొరుగువాడి జీతం కూడా మనకు తెలిసిపోయేది.

ఈ పిల్లల ఉద్యోగంలో స్కేలు లేదు, డి.ఎ. లేదు. ధరలు పెరిగాయని జీతం దానంతట అది పెరగదు. ఒకే గదిలో పక్కపక్కన కూర్చుని ఒకే పని చేసే ఇద్దరిలో ఒకరికి ఆరు లక్షలు, ఇంకొకరికి పది లక్షలు ఉండవచ్చు. పైగా ఒకరి జీతం ఒకరికి చెప్పుకోకూడదని చాలా కంపెనీల్లో కట్టడి. అందుచేత "అసలు ఎంత వస్తుంది" అన్న ప్రశ్నకు లోపల పనిచేసేవారికే సరిగా జవాబు తెలియదు.

అయినా ఒక ఉజ్జాయింపు కావాలి గదా. హైదరాబాదు, బెంగుళూరు వంటి నగరాల్లో కొత్తగా చేరే డేటా అనలిస్టుకు ఏడాదికి సుమారు 3 నుంచి 6 లక్షల మధ్య ప్యాకేజీ సర్వసాధారణం. నాలుగైదేళ్ల అనుభవం వచ్చి, పని నిజంగా తెలిసినవారికి 8 నుంచి 12 లక్షలు. సీనియర్లకు 15 లక్షలు, ఆపైన. ఇంతకన్నా బాగా ఎక్కువ తీసుకునేవారు లేకపోలేదు. కాని పేపర్లలో, యూట్యూబుల్లో కనబడేది వారే. సాఫ్ట్‌వేరు సర్వీసు కంపెనీలు కొత్తవారికి ఇచ్చే మొదటి జీతం మూడు, మూడున్నర లక్షల దగ్గరే పదేళ్లకు పైగా దాదాపు కదలకుండా ఉండిపోయిందన్న సంగతి మాత్రం ఎవరూ బోర్డు మీద రాయరు. ఈ పదేళ్లలో మన డి.ఎ. ఎన్నిసార్లు పెరిగిందో లెక్క వేసుకోండి.

ప్యాకేజీ అంటే చేతికొచ్చేది కాదు

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. మా అన్నగారి మనవరాలు హైదరాబాదులో ఈ ఉద్యోగమే చేస్తోంది. ఆ అమ్మాయిని "ఏమ్మా, ఆరు లక్షలంటే నెలకు ఏభై వేలు కదా?" అని అడిగాను. నవ్వి, "తాతయ్యా, ఆరు లక్షలు నాకు వచ్చేది కాదు, నా మీద కంపెనీకి అయ్యే ఖర్చు" అంది. సి.టి.సి. అన్న మాటకు అర్థం ఇదే. ఆ అమ్మాయి చెప్పిన పద్ధతిలో ఒక ఉదాహరణ లెక్క కట్టి చూపుతాను. కాగితం ఉన్నవారు రాసుకోండి.

ప్యాకేజీ 6,00,000 అనుకుందాం. అందులో సగం, అంటే 3,00,000 మూలవేతనం. నెలకు 25,000. దీని మీద కంపెనీ కట్టే ప్రావిడెంట్ ఫండు వాటా 12 శాతం, ఏడాదికి 36,000. ఇది కూడా ప్యాకేజీలోనే కలిపి చూపిస్తారు. గ్రాట్యుటీ కోసం పక్కన పెట్టేది ఏడాదికి పదిహేను రోజుల జీతం, అంటే 25,000 ను 15 తో హెచ్చించి 26 తో భాగిస్తే 14,423. ఆరోగ్య బీమా ప్రీమియం ఒక 10,000. "వేరియబుల్" అని ఒకటి ఉంటుంది. కంపెనీ లాభాలను బట్టి, పై అధికారి వేసే మార్కులను బట్టి ఏడాది చివర ఇస్తే ఇస్తారు, లేకపోతే లేదు. అది పది శాతం అనుకుంటే 60,000. ఇవన్నీ తీసివేస్తే మిగిలేది 4,79,577. పన్నెండుతో భాగిస్తే నెలకు 39,965. ఇందులోంచి ఉద్యోగి తన వాటా ప్రావిడెంట్ ఫండు 3,000, వృత్తి పన్ను 200 పోతే చేతికి వచ్చేది 36,765 రూపాయలు. ఆదాయపు పన్ను బెడద ఈ మొత్తానికి లేదు. 2025-26 నుంచి కొత్త పన్ను విధానంలో 12 లక్షల దాకా జీతం మీద పన్ను కట్టనక్కరలేదు.

చూశారా, మనం ఏభై వేలు అనుకున్నది ముప్పై ఆరు వేల పైచిల్లర అయింది. ఇందులో మోసం ఏమీ లేదు. ప్రావిడెంట్ ఫండు పిల్లవాడిదే, ఎక్కడికీ పోదు. కాని గ్రాట్యుటీ సంగతి అలా కాదు. 1972 నాటి చట్టంలో వచ్చిన నియమం ప్రకారం అయిదేళ్లు ఒకేచోట పనిచేస్తేగాని అది రాదు. ఈ పిల్లలు రెండు మూడేళ్లకు ఒకసారి కంపెనీ మారుతారు. ప్రతి కంపెనీలోనూ అంకె కాగితం మీద కనబడుతుంది, డబ్బు మాత్రం చేతికి రాదు. కేంద్ర ప్రభుత్వం 2025 నవంబరు 21 న కొత్త కార్మిక కోడ్లను అమలులోకి తెచ్చింది. నిర్ణీత కాలానికి కాంట్రాక్టు మీద తీసుకున్నవారికి ఏడాది సర్వీసుకే గ్రాట్యుటీ లెక్క కట్టాలని అందులో ఉంది. మొత్తం జీతంలో సగానికి తగ్గకుండా వేతనం కింద లెక్కకు రావాలని కూడా ఉంది. మునుపు కొన్ని కంపెనీలు మూలవేతనాన్ని తగ్గించి అలవెన్సులు పెంచి చూపేవి. దానివల్ల ఫండు, గ్రాట్యుటీ రెండూ తగ్గేవి. మూలవేతనం ఎంతన్నది ఎందుకు ముఖ్యమో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. మన పెన్షన్ లెక్క అంతా దాని మీదనే గదా నడిచింది.

జీతాన్ని పెంచేవి, తగ్గించేవి

ఒకే పేరున్న ఉద్యోగానికి ఇన్ని రకాల జీతాలు ఎందుకన్న ప్రశ్నకు నాకు అర్థమైన కారణాలు చెబుతాను.

మొదటిది, కంపెనీ రకం. ఇతరుల పని చేసిపెట్టే సర్వీసు కంపెనీలో మొదటి జీతం తక్కువ. సొంత సరుకు తయారుచేసే కంపెనీలోను, విదేశీ బ్యాంకులు, మందుల కంపెనీలు హైదరాబాదులో పెట్టుకున్న సొంత కార్యాలయాల్లోను ఎక్కువ. ఈ కార్యాలయాలు మాదాపూరు, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ప్రాంతాల్లో ఒత్తుగా ఉన్నాయి. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభించిననాడు ఆ చుట్టుపక్కల రాళ్లూ రప్పలే. ఇంకొక రకం ఉంది. పిల్లవాడు పెద్ద కంపెనీ భవనంలో కూర్చుంటాడు, మెడలో దాని బిళ్ల వేసుకుంటాడు, జీతం మాత్రం మధ్యనున్న ఏజెన్సీ ఇస్తుంది. మన ఆఫీసుల్లో ఔట్‌సోర్సింగ్ పద్ధతి చూశారు గదా, అదే. ఆ ఉద్యోగాన్ని పెద్ద కంపెనీ ఉద్యోగమని చెప్పుకుంటారు గాని జీతమూ, భద్రతా ఆ లెక్కలో ఉండవు.

రెండవది, అనుభవం. మొదటి రెండేళ్లు గట్టిగా గడవాలి. ఆ తరువాత కంపెనీ మారినప్పుడు జీతం ఒక్కసారిగా పెరగవచ్చు. ఉన్నచోటే ఉంటే ఏడాదికి వచ్చే పెంపు మన ఇంక్రిమెంటుకన్నా గొప్పగా ఏమీ ఉండదు. అందుకే వాళ్లు మారుతారు. "నిలకడ లేదు" అని మనం విసుక్కోవడం సరికాదు. మనకు పి.ఆర్.సి. కోసం పోరాడడానికి సంఘం ఉంది. వాళ్లకు ఉన్న పి.ఆర్.సి. ఉద్యోగం మారడమే.

మూడవది, పనిముట్లు. ఎక్సెల్ ఒక్కటే వచ్చినవారికీ, ఎస్.క్యు.ఎల్. చేయి తిరిగినవారికీ తేడా ఉంది. పైథాన్ కూడా వస్తే ఇంకొంచెం. కాని సర్టిఫికెట్ల కట్ట చూసి జీతం పెంచరు. ఇంటర్వ్యూలో ఒక పట్టిక ముందు పెట్టి, చేసి చూపించమంటారు.

నాలుగవది, ఆ రంగం గురించిన జ్ఞానం. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. మా సెక్షనులో ఒక హెడ్ క్లర్కుగారు ఉండేవారు. ఒక జూలైలో ఒక తాలూకా నుంచి ముందురోజు వర్షం 124 మిల్లీమీటర్లని టెలిగ్రాము వచ్చింది. మిగతావాళ్లం ఎక్కించేశాం. ఆయన కళ్లజోడు తీసి, "చుట్టూ ఉన్న మూడు తాలూకాల్లో పదికి మించలేదు, ఇక్కడొక్కచోట కుంభవృష్టి ఎలా పడుతుంది? అంత పడితే ఏటిగట్టు గురించి ఈపాటికి ఫోను రావద్దూ?" అన్నారు. ట్రంకు కాల్ చేసి కనుక్కుంటే అది 12.4. దారిలో ఎక్కడో చుక్క జారిపోయింది. ఆయనకు కంప్యూటరు అంటే ఏమిటో తెలియదు. కాని జిల్లా తెలుసు, వాన తెలుసు, ఏరు తెలుసు. బ్యాంకు పని తెలిసిన అనలిస్టుకు బ్యాంకు ఎక్కువ ఇస్తుంది. ఆసుపత్రి బిల్లులు ఎలా తయారవుతాయో తెలిసినవారికి బీమా కంపెనీ ఎక్కువ ఇస్తుంది. బి.కాం. చదివి రెండేళ్లు ఆడిటరు దగ్గర పనిచేసిన పిల్ల, ఇంజనీరింగు చదివిన పిల్లవాడికన్నా మంచి అనలిస్టు కావడానికి కారణం ఇదే. కాబట్టి "మావాడు ఇంజనీరింగు కాదు, వాడికి రాదు" అనుకోనక్కరలేదు.

అయిదవది, చెప్పే నేర్పు. కనిపెట్టినదాన్ని పై అధికారికి అర్థమయ్యేలా చెప్పలేకపోతే పని తెలిసినా జీతం పెరగదు. మన ప్రాంతం పిల్లలకు తెలివి ఉండీ ఇక్కడ వెనకబడుతున్నారు. ఇంగ్లీషు పదాలు కాదు కావలసింది, మూడు మాటల్లో సంగతి చెప్పడం. మనం నోట్ ఫైలు రాసినట్లే.

ఆరవది, కాలం. 2021, 2022 లో కంపెనీలు పోటీలు పడి తీసుకున్నాయి, అడిగినంత ఇచ్చాయి. ఆ తరువాత మందగించింది. 2023-24 లో దేశంలోని పెద్ద సాఫ్ట్‌వేరు కంపెనీల్లో సిబ్బంది సంఖ్య పెరగకపోగా తగ్గింది. 2022 నవంబరులో చాట్ జి.పి.టి. వచ్చాక మామూలు పట్టికలు, గ్రాఫులు యంత్రమే చేసిపెడుతోంది. కేవలం వాటితో బతుకుదామనుకునేవారికి ఇక కష్టం. ఆ 124 ను అనుమానించగలిగినవారి అవసరం మాత్రం పోలేదు.

ఏడవది చెప్పక తప్పదు. పెళ్లయి, కాన్పుకు సెలవు పెట్టి, రెండేళ్ల తరువాత తిరిగి వచ్చే ఆడపిల్లల జీతం చాలాసార్లు విడిచిపెట్టినచోట కాదు, అంతకు దిగువన మొదలవుతుంది. మనకు సర్వీసు రిజిస్టరులో సెలవు ఎక్కేది, ఇంక్రిమెంటు నిలిచేది కాదు. వాళ్లకు ఆ రక్షణ లేదు. ఆ రెండేళ్లు మనవళ్లను చూసుకునే తాతా అమ్మమ్మల సాయం కూడా ఒక విధంగా ఆ అమ్మాయి జీతంలో భాగమేనని కోడళ్లున్నవారు గ్రహించాలి.

సగటు అనే మాయ

గణాంకాల మనిషిగా ఒక్క జాగ్రత్త చెబుతాను. "సగటు జీతం ఇంత" అని ఎవరైనా చెబితే వెంటనే నమ్మకండి. మనలో అయిదుగురి పెన్షన్లు తీసుకుందాం: 28,000, 30,000, 32,000, 35,000, 1,25,000. మొత్తం 2,50,000. సగటు 50,000. నలుగురికి ఏభై వేలు లేనేలేదు, అయినా సగటు ఏభై వేలు! వరుసలో నడిమి మనిషిని అడిగితే 32,000 అంటాడు. దాన్ని మధ్యగతం అంటారు. జీతాల విషయంలో చూడవలసింది అదే.

రెండవ సంగతి, ఎవరిని అడిగారన్నది. మహలనోబిస్ పండితుడు 1931 లో కలకత్తాలో స్థాపించిన గణాంక సంస్థలోనే మన తెలుగువాడు కల్యంపూడి రాధాకృష్ణారావుగారు, అంటే సి.ఆర్. రావుగారు ప్రపంచఖ్యాతి సంపాదించారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివినవారు. 2023 లో గణాంకశాస్త్రంలో అత్యున్నతమైన అంతర్జాతీయ బహుమతి అందుకుని, అదే ఏడాది నూటరెండేళ్ల వయసులో పరమపదించారు. అటువంటి పెద్దలు నేర్పిన మొదటి పాఠం, ఎంపిక సరిగా లేని నమూనా నుంచి తీసిన ఫలితం చెల్లదని. ఇంటర్నెట్టులో జీతాల పట్టికలు ఎవరికివారు స్వయంగా రాసినవి. బాగా వచ్చినవాడు రాస్తాడు. కోర్సు చేసి ఏడాదిగా ఖాళీగా ఉన్నవాడు రాయడు. వాడి సున్నా ఆ సగటులో ఎక్కడా కలవదు.

అమెరికా సంగతి

అమెరికా అంకెలు చూసి కళ్లు తిరగడం సహజం. అక్కడి కార్మిక గణాంక శాఖ లెక్కలో 2024 మే నాటికి డేటా సైంటిస్టుల మధ్యగత వేతనం ఏడాదికి 1,12,590 డాలర్లు. ఇది సైంటిస్టుల అంకె. అనలిస్టులకు సాధారణంగా ఇంతకన్నా తక్కువ. దీన్ని రూపాయల్లోకి మార్చి గుండె చరుచుకోవద్దు. అక్కడ ఇంటి అద్దె, పన్నులు, ఆరోగ్య బీమా అన్నీ డాలర్లలోనే కట్టాలి.

పైగా దారి ఇరుకైంది. సాంకేతిక విద్య చదివినవారు చదువయ్యాక ఏడాది, ఆపైన మరో రెండేళ్లు పని చేయవచ్చు. ఆ తరువాత హెచ్-1బి కావాలి. దానికి ఏడాదికి 65,000, అక్కడ పి.జి. చదివినవారికి మరో 20,000 మాత్రమే పరిమితి. దరఖాస్తులు ఎక్కువ గనుక లాటరీ. 2025 సెప్టెంబరులో కొత్త దరఖాస్తులకు యజమాని లక్ష డాలర్లు కట్టాలని అధ్యక్షుని ఉత్తర్వు వచ్చింది. ఇల్లు తాకట్టు పెట్టి నలభై లక్షలు అప్పుచేసి పంపేముందు జీతం ఒక్కటే కాదు, ఈ గేట్లన్నీ లెక్కలోకి తీసుకోవాలి.

మన డబ్బు, మన పిల్లలు

ఇప్పుడు మన సొంత సంగతి. పిల్లల కోర్సు ఫీజులకు డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది? మన గ్రాట్యుటీ నుంచి, కమ్యుటేషన్ నుంచి, ఫిక్సెడ్ డిపాజిట్ల నుంచి. మన సభ్యులొకరు రెండు లక్షలు పోగొట్టుకున్నారు. వారి పేరుగాని, ఆ సంస్థ పేరుగాని చెప్పను. "మూడు నెలల శిక్షణ, ఉద్యోగం గ్యారంటీ, మూడేళ్ల అనుభవం సర్టిఫికెట్ కూడా మేమే ఇస్తాం" అన్నారట. కుర్రవాడు నిజంగా చేరాడు కూడా. నాలుగో నెలలో కంపెనీ వివరాలు తనిఖీ చేసి, అనుభవం దొంగదని తేల్చి తీసివేసింది. ఇప్పుడు ప్రతి ఉద్యోగికి ప్రావిడెంట్ ఫండులో ఒకే నంబరు ఉంటుంది. ఎక్కడ ఎన్ని నెలలు పనిచేశాడో అందులో కనబడుతుంది. దొంగ అనుభవం దాగదు. డబ్బు పోవడం ఒక ఎత్తు, పిల్లవాడి పేరు మీద మచ్చ పడడం ఇంకొక ఎత్తు.

ఎస్.క్యు.ఎల్., ఎక్సెల్, పైథాన్ నేర్చుకోవడానికి లక్షలు అక్కరలేదు. ఉచిత పాఠాలు చాలా ఉన్నాయి. అభ్యాసానికి జనాభా లెక్కల పట్టికలు, ప్రభుత్వం బహిరంగంగా పెట్టిన వర్షపాతం, పంటల, ధరల అంకెలు ఉన్నాయి. పిల్లవాడు తన జిల్లా వర్షపాతం పదేళ్లది తీసి, ఒక పేజీలో నాలుగు మాటలు సరిగా చెప్పగలిగితే, అది చూపించి ఇంటర్వ్యూకు వెళ్లవచ్చు. అలాంటి లెక్కల్లో సాయం చేయగలవాళ్లం మనలోనే నలుగురైదుగురం ఉన్నాం.

ఒక విషయం మనసులో పెట్టుకోమని కోరుతున్నాను. హైదరాబాదు హాస్టల్లో ఉండి నెలకు ఇరవై ఎనిమిది వేలు తెచ్చుకుంటున్న కుర్రవాడు ఓడిపోయినవాడు కాదు. అది మొదటి మెట్టు. ఎదురింటివాడి ప్యాకేజీ అంకె పండగపూట అందరిముందు చెప్పి, "మరి నీకెంతరా?" అని అడిగితే, వాడు ఇంటికి రావడం తగ్గిస్తాడు, ఫోను ఎత్తడం మానేస్తాడు. ఆ సిగ్గుతోనే దొంగ సర్టిఫికెట్లు అమ్మేవాళ్ల గుమ్మం తొక్కుతాడు. పెళ్లి సంబంధాల్లో కూడా ప్యాకేజీ అడగడం మానండి. నెలకు చేతికెంత వస్తుంది, కంపెనీ సొంత ఉద్యోగమా ఏజెన్సీ ద్వారానా, అప్పులేమైనా ఉన్నాయా, ఎంత దాస్తున్నాడు – ఈ నాలుగూ అడగండి. ముప్పై ఆరు వేలలో ఆరు వేలు దాచేవాడు, లక్షలో అప్పుచేసేవాడికన్నా మంచి సంబంధం.

ఎందుకంటే వాళ్లకు మనలా పెన్షన్ లేదు. మన శాఖల్లోనే 2004 సెప్టెంబరు 1 తరువాత చేరినవారికి పాత పెన్షన్ పోయింది. ప్రైవేటువారికి అసలే లేదు. ఫండులోంచి వచ్చే చిన్న పెన్షన్ తప్ప మిగతాది వాళ్లు దాచుకున్నదే. నకారా తీర్పు వల్ల మనం అనుభవిస్తున్న నిశ్చింత వాళ్లు తమ జీతంలోంచే కొనుక్కోవాలి. కనుక ఉద్యోగం మారినప్పుడల్లా ప్రావిడెంట్ ఫండు తీసి ఖర్చు పెట్టవద్దని, కొత్త ఖాతాకు బదిలీ చేయించుకోమని మీ పిల్లలకు గట్టిగా చెప్పండి. మన మాట వాళ్లు వినేది ఏదైనా ఉంటే, ఇదొక్కటి వినిపించండి.

కార్యదర్శిగారి అనుమతితో ఒక సూచన. మీ ఇళ్లలో ఎవరికైనా ఆఫర్ లెటరు వస్తే, దాని జిరాక్సు తీసుకుని నెలలో రెండవ ఆదివారం ఉదయం మన సంఘం ఆఫీసుకు రండి. నేను, ఖజానా శాఖలో చేసిన మా మిత్రుడు అక్కడ ఉంటాం. సంతకం పెట్టకముందే ప్యాకేజీ విడదీసి, చేతికెంత వస్తుందో, బాండు షరతులేమిటో, ముందస్తు నోటీసు ఎన్ని నెలలో చదివి చెబుతాం. జీతం బిల్లులు, పే ఫిక్సేషన్లు చేసిన చేతులు మనవి. ఆ విద్య ఊరికే పోనీయనక్కరలేదు. పిల్లలు కూడా వస్తే మరీ సంతోషం, వాళ్ల దగ్గర మనం నేర్చుకునేది కూడా ఉంది.